గోధుమలు మానేయక ముందే పరీక్ష: సీలియాక్ వ్యాధి అనుమానం ఉన్నవారు చేయవలసిన పనులు

గోధుమల వంటి ధాన్యాలు తింటే చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి విషయంలో మొదటి పొరపాటు చాలాసార్లు మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. కడుపు ఉబ్బరంతో, తరచూ పట్టుకునే విరేచనాలతో విసిగిపోయిన మనిషి ఎవరో చెప్పగా చపాతీలూ ఉప్మా మానేస్తాడు. నెల రోజుల్లో కొంత తేలికపడతాడు. రెండు మూడు నెలలు గడిచాక డాక్టరు దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకుంటే ఫలితం మామూలుగానే ఉన్నట్టు వస్తుంది. ఈ వ్యాధికి రక్తంలో వెతికే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) గోధుమలు తింటున్నంత కాలమే స్పష్టంగా కనబడతాయి, మానేసిన కొద్దీ తగ్గిపోతాయి. కనుక ఇక్కడ చెప్పబోయే సూచనలన్నిటికంటే ముందు పాటించవలసినది ఒకటుంది: పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమలు మానకూడదు.

గోధుమల్లోనూ, బార్లీలోనూ, రై అనే గోధుమను పోలిన విదేశీ ధాన్యంలోనూ ఉండే ఒక మాంసకృత్తుల సముదాయాన్ని గ్లూటెన్ అంటారు. పరోటా పిండి పలచటి గుడ్డలా సాగడానికీ, బేకరీ రొట్టె గాలిని పట్టుకుని పొంగడానికీ ఆ జిగురే కారణం. మన జీర్ణరసాలు దీన్ని పూర్తిగా ముక్కలు చేయలేవు. మిగిలిపోయిన ముక్కలు చిన్నపేగు లోపలి పొరలోకి చేరినప్పుడు అక్కడున్న టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము వాటి రూపాన్ని కొద్దిగా మారుస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యురకం ఉన్నవారిలో కొందరి రోగనిరోధక వ్యవస్థ ఆ మారిన ముక్కల మీద దాడికి దిగుతుంది, దాంతోపాటు ఆ ఎంజైము మీద కూడా ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్ర చూషకాలు ఆ దాడిలో అరిగి చదునైపోతాయి. అందువల్ల దీన్ని అజీర్తిగానో, అలర్జీగానో కాక స్వయం ప్రతిరక్షక వ్యాధిగా లెక్కిస్తారు. దీనికి గోధుమలతో ఉన్న సంబంధాన్ని నిరూపించిన ఘనత నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికెది. ఆయనకు ముందునుంచే ఉన్న అనుమానాన్ని, రొట్టె దొరకని 1944-45 చలికాలపు కరువు బలపరిచింది. 1950లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం చికిత్సకు దారి చూపింది.

“అన్నం తినే మన ప్రాంతంలో ఇది ఉండదు” అనే మాటను ఇప్పటికీ వింటుంటాము. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల నుంచి 23 వేలకు పైగా పెద్దలను పరీక్షించారు. వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, ఈశాన్యాన 0.87 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించాయి. అయితే వ్యాధికి వీలిచ్చే జన్యురకం మాత్రం ఈ మూడు ప్రాంతాల్లో వరుసగా 38.1, 31.4, 36.4 శాతం మందికి ఉంది. అంటే తేడా రక్తంలో కంటే కంచంలోనే ఎక్కువగా ఉందన్నమాట: ఉత్తరాది మనిషి సగటున రోజుకు 455 గ్రాముల గోధుమలు తింటుంటే దక్షిణాదిలో అది 25 గ్రాములే. ఈశాన్యంలో 37 గ్రాములే తింటున్నా ప్రతిరక్షకాలు దక్షిణాది కంటే చాలా ఎక్కువ మందిలో కనబడ్డాయి కనుక గోధుమ పరిమాణమే సర్వస్వమని కూడా అనలేము. దక్షిణాది అంకె తమిళనాడు నుంచి తీసుకున్నది, దాన్ని మన జిల్లాలకు యథాతథంగా అంటించకూడదు. అయినా షుగరు భయంతో రాత్రి అన్నం మానేసి చపాతీకి మారిన ఇళ్ళు ఎన్నో, పిల్లల డబ్బాల్లో సేమియా, బ్రెడ్డు, నూడుల్స్ ఎన్ని రోజులు కనబడుతున్నాయో చూస్తే, మన ప్రాంతపు డాక్టర్లూ రోగులూ ఈ వ్యాధి పేరును గుర్తుంచుకోవలసిన కాలం వచ్చిందనే నా అభిప్రాయం. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలోనైతే చెప్పనే అక్కరలేదు.

పరీక్ష ఎవరికి అవసరం

విరేచనాలు, ఉబ్బరం, బరువు తగ్గడం అందరికీ తెలిసిన లక్షణాలు. వాటికంటే మోసం చేసేవి కడుపుతో సంబంధం లేనట్టు కనిపించే లక్షణాలు. ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా పెరగని హిమోగ్లోబిన్ వాటిలో మొదటిది. మన దేశంలో రక్తహీనత ఎంత సాధారణమంటే, కారణం వెతకకుండా మాత్ర మార్చి మళ్ళీ రాయడమే అలవాటైపోయింది. ఈడుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు, యవ్వన లక్షణాలు ఆలస్యమైన ఆడపిల్లలు, చిన్న వయసులోనే ఎముకలు పలచబడినవారు, పదేపదే నోటిపూత వచ్చేవారు, కారణం తెలియకుండా గర్భస్రావాలు జరుగుతున్న స్త్రీలు, లివరు ఎంజైములు కొద్దిగా పెరిగి ఎందుకో తేలనివారు, మోచేతుల మీదా మోకాళ్ళ మీదా విపరీతమైన దురదతో నీటిపొక్కులు లేచేవారు డాక్టరును ఈ పరీక్ష గురించి అడగవచ్చు.

లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించుకోదగినవారు కొందరున్నారు. సీలియాక్ ఉన్న మనిషి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు వీరిలో ముందు వస్తారు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణ ప్రకారం ఇలాంటి దగ్గరి బంధువుల్లో సుమారు 7.5 శాతం మందికి ఈ వ్యాధి ఉంటుంది, అక్కచెల్లెళ్ళకూ కూతుళ్ళకూ ముప్పు ఇంకా ఎక్కువ. టైప్ 1 మధుమేహం, స్వయం ప్రతిరక్షక థైరాయిడ్ సమస్య, డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్ ఉన్నవారిలోనూ మామూలు కంటే ఎక్కువగా కనబడుతుంది.

పరీక్షల వరుస

మొదట టీటీజీ-ఐజీఏ (ఇందాక చెప్పిన ఎంజైము మీద తయారయ్యే ఐజీఏ రకం ప్రతిరక్షకాలను చూసే) రక్తపరీక్ష, దానితోపాటు మొత్తం ఐజీఏ పరిమాణం చూడాలి. రెండోదాన్ని ఖర్చు తగ్గుతుందని వదిలేయడం తరచుగా జరుగుతుంది, అది తప్పు. పుట్టుకతోనే ఐజీఏ తక్కువగా ఉన్నవారిలో మొదటి పరీక్ష వ్యాధి ఉన్నా లేనట్టే చూపుతుంది. అలాంటివారికి ఐజీజీ రకం పరీక్షలు చేయాలి. రక్తపరీక్షలో తేడా ఉంటే పెద్దవారికి సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు, దీన్నే బయాప్సీ అంటారు. నష్టం పేగంతటా ఒకేలా ఉండదు కనుక ఒక్క ముక్కతో సరిపెట్టకూడదు. పిల్లల విషయంలో యూరప్ నిపుణుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కొంత ఊరట కలిగించాయి: టీటీజీ-ఐజీఏ సాధారణ గరిష్ఠ పరిమితికి పది రెట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండి, విడిగా తీసిన రెండో రక్త నమూనాలో ఈఎంఏ అనే ఇంకో రకం ప్రతిరక్షకాల పరీక్ష కూడా పాజిటివ్ అయితే, తల్లిదండ్రులతో మాట్లాడిన మీదట ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించవచ్చు.

జన్యుపరీక్ష గురించి చాలామందికి అపోహ ఉంది. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేకపోతే వ్యాధి దాదాపు లేనట్టే. అవి ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు. జనంలో మూడింట ఒక వంతు మందికి పైగా ఆ జన్యురకం మోస్తూ జీవితమంతా నిశ్చింతగా పూరీలు తింటూనే ఉన్నారు. ఆన్‌లైన్‌లో అమ్మే జన్యుపరీక్షల కాగితం చూసి పిల్లవాడి కంచంలోంచి గోధుమలు తీసేయడం అనవసరం.

పరీక్షకు ముందే గోధుమలు మానేసినవారు నిరాశపడనవసరం లేదు. డాక్టరు పర్యవేక్షణలో మళ్ళీ గోధుమలు తిని, కొన్ని వారాల తరవాత పరీక్షించుకునే పద్ధతి ఉంది. రోజుకు కనీసం 3 గ్రాముల గ్లూటెన్ చొప్పున రెండు వారాలు, తట్టుకోగలిగితే ఎనిమిది వారాల దాకా తినమంటారు. 30 గ్రాముల గోధుమపిండితో చేసిన మోస్తరు చపాతీలో మాంసకృత్తులు దాదాపు 3 గ్రాములు, అందులో గ్లూటెన్ సుమారు 2.5 గ్రాములు ఉంటాయని లెక్క వేసుకోవచ్చు. ఈ లెక్క తరవాత ఇంకో సందర్భంలో కూడా పనికివస్తుంది.

ఫలితాలు చూసేటప్పుడు మన దేశానికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. చూషకాలు అరగడానికి ట్రాపికల్ స్ప్రూ అనే ఉష్ణదేశాల పేగు వ్యాధి, జియార్డియా పరాన్నజీవి వంటి ఇతర కారణాలు ఇక్కడ తక్కువేమీ కాదు. పేగు క్షయ కూడా ఇలాంటి లక్షణాలతోనే రావచ్చు. అందువల్ల బయాప్సీ కాగితం ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయించకుండా, రక్తపరీక్షనూ బయాప్సీనీ ఆహారం మార్చాక కనిపించిన మెరుగునూ కలిపి చూసే ఉదరకోశ నిపుణుడి దగ్గరికి వెళ్ళడం మంచిది. పరీక్షలన్నీ మామూలుగా ఉండి, గోధుమలు తిన్నప్పుడల్లా ఇబ్బంది పడేవారు కూడా ఉన్నారు. వారిలో చాలామందికి అసలు నేరస్థుడు గ్లూటెన్ కాకపోవచ్చు. అలా చెప్పుకునే 59 మందితో నార్వేలో జరిగిన ఒక ప్రయోగం 2018లో ప్రచురితమైంది. అందులో గ్లూటెన్ కంటే గోధుమల్లోనూ ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉండే ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు ఎక్కువ ఉబ్బరం కలిగించాయి.

చంటిపిల్లల విషయంలో పరిశోధనలు చెప్పేది

ఇంట్లో ఒకరికి సీలియాక్ ఉందని తేలగానే “పుట్టబోయే బిడ్డకు రాకుండా ఏం చేయాలి?” అనే ప్రశ్న వస్తుంది. దీనికి ఒకప్పుడు ఉన్న ధీమా ఇప్పుడు లేదు. స్వీడన్‌లో 1980ల మధ్య నుంచి 1990ల మధ్య వరకు రెండేళ్ళలోపు పిల్లల్లో ఈ వ్యాధి సుమారు నాలుగు రెట్లు పెరిగి మళ్ళీ తగ్గింది. ఆ కాలంలో శిశువుల ఆహారంలో గ్లూటెన్ పరిమాణమూ, మొదలుపెట్టే వయసూ మారాయి కనుక, తల్లిపాలు తాగుతున్నప్పుడే కొద్దికొద్దిగా అలవాటు చేస్తే రక్షణ కలుగుతుందని నమ్మారు. 2014లో ఒకేసారి ప్రచురితమైన రెండు పెద్ద యూరప్ ప్రయోగాలు ఆ నమ్మకాన్ని బలపరచలేదు. నాలుగో నెలలో అతి కొద్దిగా ఇచ్చినా, ఆరో నెలలో మొదలుపెట్టినా, ఏడాది దాకా ఆపినా, చివరికి వ్యాధి వచ్చిన పిల్లల నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆలస్యం చేస్తే వ్యాధి కొంత ఆలస్యంగా బయటపడింది, అంతే. తల్లిపాలకు వేరే ప్రయోజనాలు ఎన్ని ఉన్నా ఈ వ్యాధిని అవి ఆపినట్టు తేలలేదు. ఇంగ్లండులో జరిగిన మరో ప్రయోగంలో నాలుగో నెల నుంచే ఎక్కువ మోతాదులో గోధుమ పెట్టిన 488 మంది పిల్లల్లో ఒక్కరికీ వ్యాధి రాలేదు, మామూలుగా పెంచిన 516 మందిలో 7గురికి వచ్చింది. అంకెలు చిన్నవి కనుక దాన్ని పట్టుకుని నాలుగో నెలలోనే గోధుమ పెట్టమని ఎవరికీ చెప్పలేము.

పరిమాణం విషయం కొంచెం వేరు. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్ దేశాల్లో జన్యుపరంగా ముప్పు ఉన్న 6,605 మంది పిల్లల ఆహారాన్ని లెక్కగట్టిన టెడీ అధ్యయనం 2019లో వెలువడింది. మొదటి అయిదేళ్ళలో రోజుకు అదనంగా తిన్న ఒక్కొక్క గ్రాము గ్లూటెన్‌తో సీలియాక్ ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ఉన్నట్టు అందులో కనబడింది. పిల్లలను పరిశీలించి చూసిన సంబంధమే తప్ప, తక్కువ పెడితే రాదని నిరూపించిన ప్రయోగం కాదది. నార్వే పిల్లల మల నమూనాలను పసితనం నుంచీ భద్రపరిచి చేసిన ఇంకో అధ్యయనంలో, తరవాత సీలియాక్ వచ్చిన పిల్లలకు అంతకుముందు ఎంటెరోవైరస్ సోకడం ఎక్కువగా కనిపించింది. అడినోవైరస్‌తో అలాంటి సంబంధం కనిపించలేదు. ఇవన్నీ కలిపి చూస్తే, ముప్పున్న బిడ్డకు మన పాత ఉగ్గు పద్ధతే చక్కగా సరిపోతుందని చెప్పవచ్చు. బియ్యం, పప్పు, తరవాత రాగిజావ ప్రధానంగా ఉంచి, ఆరు నెలలు దాటాక ఏడాది లోపల గోధుమను కొద్ది కొద్దిగా పరిచయం చేయడం, బిస్కెట్లతోనూ డబ్బాల్లో దొరికే గోధుమ ఆహారాలతోనూ కడుపు నింపకపోవడం చాలు. వ్యాధి లేని బిడ్డకు గోధుమను పూర్తిగా నిషేధించడం మాత్రం తగదు.

వంటింట్లో గోధుమ దాగే చోట్లు

వ్యాధి నిర్ధారణ అయ్యాక చికిత్స ఒక్కటే: జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం. దీనికి మాత్రలు తయారుచేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ట్రాన్స్‌గ్లూటమినేజ్ ఎంజైమును అడ్డుకునే ఒక మందు 2021లో ప్రచురితమైన ప్రయోగంలో పేగుకు జరిగే హానిని తగ్గించింది. అయినా ఆహారానికి బదులు వాడుకోగల మందు ఇంకా రాలేదు. ఎంత జాగ్రత్త అవసరమో 2007 నాటి ఇటలీ ప్రయోగం చెబుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు తిన్న రోగుల్లో పేగు దెబ్బతిన్నది. ఇందాకటి లెక్క ప్రకారం అది ఒక చపాతీలో యాభయ్యో వంతు. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణంగా హాని లేదని నిపుణుల అంచనా.

మన వంటిల్లు ఈ విషయంలో అదృష్టవంతురాలు. అన్నం, పప్పు, పులుసు, కూర, పెరుగు, ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, ఉప్పుడు పిండి, సర్వపిండి, జొన్నరొట్టె, సంకటి, అరిసెలు, సున్నుండలు, సకినాలు, పూతరేకులు, ఇలా స్వభావసిద్ధంగా గ్లూటెన్ లేనివే లెక్కకు మిక్కిలి. ప్రమాదం దాగి ఉన్నవాటితోనే.

వాటిలో మొదట చెప్పవలసింది ఇంగువ. బజారులో దొరికే పొడి ఇంగువలోనూ, చాలా రకాల ముద్ద ఇంగువలోనూ అసలు జిగురుకు మైదానో గోధుమపిండినో కలుపుతారు. చిటికెడే కదా అనిపిస్తుంది, నిజానికి ఒక పూట పులుసులో పడేది స్వల్పమే. కానీ రసం, సాంబారు పొడి, ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు, చేగోడీలు అన్నిటిలోనూ అది ఉంటుంది, రోజూ ఉంటుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది కనుక ఈ ముప్పు మోయవలసిన పని లేదు. పాత ఊరగాయ జాడీల్లో ఏ ఇంగువ పడిందో గుర్తు లేకపోతే వాటిని ఇంట్లో మిగతావారికి వదిలేయాలి.

రవ్వ అనే మాట రెండో ఉచ్చు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, నిర్భయంగా వాడవచ్చు. బొంబాయి రవ్వ, బన్సీ రవ్వ, ఎర్ర గోధుమ రవ్వ మూడూ గోధుమవే. కనుక రవ్వ దోశ, రవ్వ ఇడ్లీ, రవ్వ లడ్డు, కేసరి పనికిరావు. మాల్ట్ అనే మాటతోనూ ఇదే గందరగోళం. ఇంట్లో మొలకెత్తించి ఆరబెట్టి పొడి చేసుకున్న రాగి మాల్ట్ మంచిది. పాలలో కలుపుకునే డబ్బా పొడుల్లోనూ కొన్ని కార్న్‌ఫ్లేక్స్‌లోనూ ఉండే మాల్ట్ బార్లీది. ఎండాకాలం చలవకనీ, మూత్రంలో మంటకనీ తాగే బార్లీ నీళ్ళు కూడా మానాలి, వడగట్టినా సరే. సేమియా, మైదా, కాజాలు, బొబ్బట్లు, మైసూర్ బజ్జీ గురించి వేరే చెప్పనక్కరలేదు. పాతకాలపు గోధుమ అని ఖరీదుగా అమ్మే ఖప్లీ రకంలోనూ గ్లూటెన్ ఉంటుంది. ఓట్స్‌లో గ్లూటెన్ స్వతహాగా లేకపోయినా పొలం నుంచి మిల్లు దాకా గోధుమలతో కలిసే ప్రయాణిస్తాయి. గ్లూటెన్ రహితమని ముద్ర ఉన్నవాటినే, అదీ వ్యాధి అదుపులోకి వచ్చాక, డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. శుద్ధమైన ఓట్స్ కూడా కొద్దిమందికి పడవు.

ఇక అసలు కష్టం పిండిమర దగ్గర వస్తుంది. తెలంగాణలో గిర్నీ అన్నా, కోస్తాలో మర అన్నా, అక్కడ గోధుమలు ఆడిన రాళ్ళ మీదే మన బియ్యం, జొన్నలు కూడా పడతాయి. ముందు ఆడిన పిండి రాళ్ళ సందుల్లో, గొట్టంలో, గుడ్డసంచీలో మిగిలి మన డబ్బాలోకి వస్తుంది. ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. స్వతహాగా గ్లూటెన్ లేని ధాన్యాలు, పిండులు 22 నమూనాలను 2010లో అమెరికాలో పరీక్షిస్తే 7 నమూనాల్లో గ్లూటెన్ పది లక్షల భాగాలకు 20 భాగాల పరిమితిని దాటింది. అందుకని ధాన్యం గింజలుగానే కొని, చెరిగి, ఏరి, రెండు మూడు నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ఇంట్లో మిక్సీలోనో చిన్న మరలోనో పిండి చేసుకోవడం ఉత్తమం. కడగడంలోనే కలిసిపోయిన గోధుమ గింజలూ దుమ్మూ చాలావరకు పోతాయి.

ఇల్లంతా గోధుమలు మానేస్తే పని సులువు, కానీ అందరికీ అది వీలుపడదు. అలాంటప్పుడు జల్లెడ, చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు రోగికి వేరుగా ఉండాలి. చెక్కలోనూ జల్లెడ కన్నాల్లోనూ చేరిన పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. స్టీలు గిన్నెలు బాగా తోమితే చాలు. పెనం కూడా వేరుగా పెట్టుకోవడమే నయం. పూరీలు వేయించిన నూనెలో రోగికి వడియాలు వేయించకూడదు. ముందుగా రోగి వంట చేసి, మూత పెట్టి, ఆ తరవాతే చపాతీ పిండి తీయడం అలవాటు చేసుకుంటే సగం సమస్య తీరుతుంది. పొడి పిండి గాలిలో లేచి పక్క గిన్నెలో పడుతుందన్న సంగతి మరవకూడదు.

గోధుమ జిగురు లేని పిండి విరిగిపోతుందని కొత్తవారు బెంబేలెత్తుతారు. జొన్నరొట్టె చేసేవారికి దీనికి మందు తెలుసు: మరిగే నీళ్ళు పోసి, పిండిలోని గంజి ఉడికి జిగురు పట్టాక, వేడి మీదే మెదిపి తట్టాలి. బియ్యప్పిండికీ, రాగిపిండికీ అదే సూత్రం.

కొట్లో, హోటల్లో, వ్రతం పీటల దగ్గర

మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం గ్లూటెన్ రహితమని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం కూడా అంతే. గోధుమ, బార్లీ వంటి గ్లూటెన్ ధాన్యాలు కలిస్తే ఆ సంగతి ప్యాకెట్టు మీద విడిగా ప్రకటించాలి. కనుక ముందువైపు బొమ్మను కాక వెనకవైపు చిన్న అక్షరాలను చదవాలి. రాగి బిస్కెట్లు, జొన్న సేమియా, చిరుధాన్యాల నూడుల్స్, మల్టీగ్రెయిన్ పిండి అని పేరున్నవాటిలో చాలావాటికి మొదటి దినుసు గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైన 2023 నుంచి ఇలాంటి సరుకు మరీ పెరిగింది.

హోటల్లో దోశ కరకరలాడడానికి బొంబాయి రవ్వనో మైదానో కలిపే అలవాటు ఉంది, పునుగుల్లోనూ అంతే. జొన్నరొట్టె విరగకుండా గోధుమపిండి కలిపేవారూ ఉన్నారు. ఫ్రైడ్ రైస్‌లో పడే సోయా సాస్‌ను మామూలుగా గోధుమలతో పులియబెడతారు. మిర్చి బజ్జీ శనగపిండిదే అయినా సమోసాలు వేగిన మూకుడులోంచి వస్తుంది. రంజాను నెలలో హైదరాబాదు హలీం గోధుమలతోనే ఉడుకుతుంది. “గ్లూటెన్ ఉందా?” అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. “గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ ఇందులో కలిపారా?” అని పేరు పెట్టి అడగాలి.

ప్రసాదాల దగ్గర మొహమాటం ఎక్కువ. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమరవ్వ, బెల్లం, నెయ్యితో చేసేది. ఇళ్ళలో వ్రతాలకు బొంబాయి రవ్వ ప్రసాదం చేస్తారు. కళ్ళకు అద్దుకుని పక్కవారికి ఇచ్చేయడంలో అపచారమేమీ లేదు. ఇంట్లో వ్రతమైతే బియ్యపు రవ్వతో ప్రసాదం చేయించుకోవచ్చు. వేరే ఇంటికి భోజనానికి పిలిచినప్పుడు ముందురోజే ఫోను చేసి చెప్పడం మేలు, వడ్డన మధ్యలో చెబితే ఇద్దరికీ ఇబ్బంది.

కంచంలో ఏముండాలి

గోధుమలు మానడం సగం పనే. విదేశాల్లో గ్లూటెన్ రహిత బ్రెడ్డు, బిస్కెట్ల మీద ఆధారపడినవారిలో పీచు, ఐరన్, ఫోలేట్, బి విటమిన్లు తగ్గడం, కొవ్వూ చక్కెరా పెరగడం పరిశోధకులు పదేపదే గుర్తించిన విషయం. పేగు కోలుకున్నాక తిన్నదంతా ఒంటికి పట్టడంతో బరువు అవసరానికి మించి పెరిగేవారూ ఉన్నారు. మనవారికి వచ్చే చిక్కు కొంచెం వేరు: చపాతీ స్థానంలోకి మూడు పూటలా తెల్లన్నం వచ్చి కూర్చుంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. అదే రాగుల్లో సుమారు 11, జొన్నల్లో 10, సజ్జల్లో 11 గ్రాములకు పైగా ఉంటుంది. రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, సజ్జల్లో ఐరన్ 6 మిల్లీగ్రాములకు పైన. సీలియాక్ రోగికి తరచుగా లోపించేవి ఈ రెండే కనుక రోజులో ఒక పూటైనా అన్నం స్థానంలో జొన్నరొట్టె, సంకటి, కొర్రన్నం, సజ్జరొట్టె ఏదో ఒకటి ఉండాలి. ఇందుకోసం క్వినోవా కొనవలసిన అవసరం నాకైతే కనబడదు. రాగులు, సజ్జలు మొలకెత్తిస్తే వాటిలోని ఖనిజాలు మరింత బాగా ఒంటికి పడతాయి. పప్పు, ఆకుకూర ఉన్న కంచంలో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ శోషణ పెరుగుతుంది, భోజనం కాగానే తాగే టీ దాన్ని తగ్గిస్తుంది. నువ్వులు, మునగాకు, పెరుగు కాల్షియానికి మంచి ఆధారాలు. బి12 శాకాహారులకు పెరుగు, పాల నుంచి మాత్రమే వస్తుంది కనుక వారు రక్తంలో దాని స్థాయిని చూపించుకోవాలి.

మొదటి కొన్ని నెలల్లో పాలు పడకపోవడం సాధారణం. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము చూషకాల మొనల్లో ఉంటుంది, అవి మళ్ళీ పెరిగేదాకా పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ వాడితే సరిపోతుంది. బియ్యం ఎక్కువగా తినేవారికి ఆర్సెనిక్ గురించి ఒక మాట. అమెరికాలో గ్లూటెన్ మానినవారి మూత్రంలో ఆర్సెనిక్ మిగతావారికంటే ఎక్కువగా ఉన్నట్టు 2017లో తేలింది, బియ్యప్పిండి వాడకం అందుకు కారణం కావచ్చని భావించారు. ఎసట్లో ఎక్కువ నీళ్ళు పోసి గంజి వార్చే మన పాత పద్ధతి ఆర్సెనిక్‌ను తగ్గిస్తుంది, కొన్ని బి విటమిన్లూ దానితోపాటే పోతాయి. ధాన్యాలను మార్చి మార్చి తినడం ఈ రెండు ఇబ్బందులకూ మెరుగైన దారి.

తరవాతి పరీక్షలు

ఆహారం మార్చిన వారాల్లోనే చాలామందికి ఒంట్లో హుషారు వస్తుంది, పేగు మాత్రం తీరికగా కోలుకుంటుంది. అమెరికాలో పెద్దవారిని గమనించిన ఒక అధ్యయనంలో రెండేళ్ళకు 34 శాతం మందికి, అయిదేళ్ళకు 66 శాతం మందికి పేగు పొర కోలుకున్నట్టు నిర్ధారణ అయింది. పిల్లల్లో ఇది వేగంగా జరుగుతుంది. కనుక ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తరవాత ఏటా టీటీజీ పరీక్ష చేయించుకోవాలి. మొదట్లోనే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పేది), ఫోలేట్, బి12, విటమిన్ డి, థైరాయిడ్, లివరు పరీక్షలు చూపించుకుని, లోపాలు సరిదిద్దాక మళ్ళీ చూడాలి. పెద్దవారు ఎముకల సాంద్రత పరీక్ష గురించీ, న్యుమోకోకల్ టీకా గురించీ డాక్టరును అడగాలి, ఎందుకంటే ఈ వ్యాధిలో కొందరికి సూక్ష్మజీవుల నుంచి కాపాడే ప్లీహం పనితనం మందగిస్తుంది. టీటీజీ తగ్గకపోతే మొదట అనుమానించవలసింది తెలియకుండా లోపలికి వెళుతున్న గోధుమనే: ఇంగువ డబ్బా, పిండిమర, రోజూ వేసుకునే మాత్రల్లోని పిండిపదార్థం, ఈ మూడింటినీ వరుసగా తనిఖీ చేయాలి.

ఇంట్లో మిగతావారి పరీక్షను కూడా ఇదే సమయంలో పూర్తిచేయాలి. రోగికి తోడుగా అందరూ ఒకేసారి గోధుమలు మానేస్తే వారి ఫలితాలు కూడా తప్పుదారి పట్టిస్తాయి, కనుక ముందు రక్తం ఇచ్చి ఆ తరవాత వంటిల్లు మార్చుకోవాలి. ఈసారి పరీక్షలో ఏమీ లేదని తేలిన తోబుట్టువుకూ బిడ్డకూ ముప్పు తొలగిపోయినట్టు కాదు. జన్యుపరీక్షలో డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని తేలినవారు నిశ్చింతగా ఉండవచ్చు. మిగిలినవారు రెండు మూడేళ్ళకొకసారి, లేదా కొత్తగా రక్తహీనత వంటి లక్షణం కనబడిన వెంటనే, టీటీజీ పరీక్షను మళ్ళీ చేయించుకోవాలి.